ఎడ్జ్‌వుడ్ పన్ను, అలమో హైట్స్ బడి
టెక్సాస్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

టెక్సాస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ నగరపాలక సంస్థలో ఒక శాఖ కాదు, కౌంటీ చేతి కింద ఉండేదీ కాదు. దాని సరిహద్దు దానిదే, ఎన్నికలు దానివే, పన్నూ అప్పూ దానివే. ఒకే నగరంలో పదికి పైగా డిస్ట్రిక్టులు ఉండవచ్చు, ఒకే డిస్ట్రిక్టులో నాలుగు ఊళ్ల ముక్కలూ ఉండవచ్చు. రాష్ట్రం మొత్తం మీద ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. లక్షకు పైగా పిల్లలున్న హ్యూస్టన్, డల్లాస్ ఒక కొసన ఉంటే, వంద మంది కూడా లేని పల్లె డిస్ట్రిక్టులు మరో కొసన ఉన్నాయి. ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబం మొదట అడిగేది అక్కడి స్కూళ్ల గురించే. దొరికే జవాబు చాలాసార్లు పదికి ఇన్ని అన్న ఒక మార్కు. ఆ మార్కు ఎలా తయారవుతుందో, దాని వెనక పన్నులూ ఎన్నికలూ ఎలా నడుస్తాయో సంఘాల వేదికల మీద వినిపించడం అరుదు. అది వివరించడానికి శాన్ ఆంటోనియో పడమటి వైపున ఉన్న ఎడ్జ్‌వుడ్ అనే చిన్న డిస్ట్రిక్టును మించిన ఉదాహరణ టెక్సాస్‌లో లేదు.

1968 మే 16న ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ విద్యార్థులు సుమారు నాలుగు వందల మంది తరగతులు వదిలి బయటికి నడిచారు. వాళ్లు అడిగినవి పెద్ద కోరికలేమీ కావు: పాడుపడిన భవనాన్ని బాగు చేయించాలి, అర్హత ఉన్న ఉపాధ్యాయులను వేయాలి. అప్పటికి ఆ డిస్ట్రిక్టులో ఇరవై రెండు వేల మంది పిల్లలు, పాతిక బడులు ఉండేవి. పిల్లల్లో నూటికి తొంభై మంది మెక్సికన్ అమెరికన్లు. ఉపాధ్యాయుల్లో దాదాపు సగం మంది పూర్తి అర్హత లేకుండా తాత్కాలిక అనుమతి మీద పాఠాలు చెబుతున్నవారే. మూడు వేలకు పైగా పిల్లలకు ఒక్క కౌన్సెలర్. ఆ వేసవిలోనే డెమెట్రియో రాడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులతో కలిసి ఫెడరల్ కోర్టుకెక్కాడు. ఆయన కెల్లీ వైమానిక స్థావరంలో రేకుల పని చేసే కార్మికుడు, మాజీ సైనికుడు.

కోర్టు ముందుకొచ్చిన లెక్కల్లో ఎడ్జ్‌వుడ్ పక్కన నిలబెట్టింది అదే మహానగర ప్రాంతంలోని అలమో హైట్స్‌ను. అది కలిగినవారి పేట. అక్కడి ఇళ్ల దస్తావేజుల్లో మెక్సికన్ అమెరికన్లకు అమ్మకూడదన్న షరతులు ఒకప్పుడు ఉండేవి. ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో విద్యార్థికి వచ్చే పన్ను విధించదగిన ఆస్తి విలువ 5,960 డాలర్లు, అలమో హైట్స్‌లో 49,000 పైచిలుకు. ఎడ్జ్‌వుడ్ వాళ్లు వంద డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున పన్ను కట్టేవాళ్లు. ఆ మహానగర ప్రాంతంలో అంతకు మించిన రేటు లేదు. రాష్ట్రపు కనీస విద్యా పథకానికి తమ వాటా పోగా ఆ పన్నుతో ఒక్కో పిల్లకు మిగిలింది 26 డాలర్లు. అలమో హైట్స్ 85 సెంట్ల రేటుతోనే 333 డాలర్లు మిగుల్చుకుంది. రాష్ట్రం ఎడ్జ్‌వుడ్‌కు 222 డాలర్లు, అలమో హైట్స్‌కు 225 డాలర్లు ఇచ్చింది. పేద డిస్ట్రిక్టుకు మూడు డాలర్లు తక్కువన్నమాట. ఫెడరల్ సొమ్ము ఎడ్జ్‌వుడ్‌కు 108, అలమో హైట్స్‌కు 36 వచ్చింది. మొత్తం కలిపితే 1967–68లో ఒక విద్యార్థి మీద ఖర్చు 356కు 594.

ఎక్కువ రేటు కట్టినవాడికి తక్కువ బడి దక్కింది. పిల్లల చదువు మీద ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనడానికి ఆ పన్ను రేటు చోటివ్వదు. లోటు సరిహద్దు గీతలో ఉంది. కెల్లీ స్థావరంలో పనిచేసేవారి పిల్లలు ఎడ్జ్‌వుడ్‌లో చదివేవారు గానీ సైనిక భూమి మీద డిస్ట్రిక్టుకు పన్ను రాదు. పన్ను రాల్చే దుకాణాలూ ఫ్యాక్టరీలూ గీతకు అవతల ఉన్నాయి.

1971 డిసెంబర్‌లో ముగ్గురు న్యాయమూర్తుల ఫెడరల్ ధర్మాసనం తల్లిదండ్రుల పక్షాన తీర్పిచ్చింది. 1973 మార్చి 21న సుప్రీంకోర్టు దాన్ని 5–4 ఆధిక్యంతో కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ లూయిస్ పావెల్ అంతకుముందు వర్జీనియాలోని రిచ్‌మండ్ స్కూల్ బోర్డుకు అధ్యక్షుడిగా చేసినవాడు. చదువు ఫెడరల్ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదనీ, స్థానిక పెత్తనాన్ని కాపాడుకోవడం రాష్ట్రానికి సమంజసమైన ఉద్దేశమేననీ తీర్పు సారం. జస్టిస్ థర్గుడ్ మార్షల్ తీవ్రంగా విభేదించాడు. ఈ కేసు పేరులో ఒక చిత్రం ఉంది. న్యాయగ్రంథాల్లో ఇది శాన్ ఆంటోనియో ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్ వర్సెస్ రాడ్రిగెజ్‌గా నిలిచిపోయింది. కానీ శాన్ ఆంటోనియో డిస్ట్రిక్టును ప్రతివాదుల జాబితా నుంచి ముందే తప్పించారు. ఆ తర్వాత అది తల్లిదండ్రుల తరఫునే కోర్టుకు తన వాదన సమర్పించింది.

ఫెడరల్ తలుపు మూసుకున్నాక పోరాటం రాష్ట్ర రాజ్యాంగాల మీదికి మళ్లింది. టెక్సాస్ రాజ్యాంగం ఏడో అధికరణం ఉచిత ప్రభుత్వ పాఠశాలల సమర్థమైన వ్యవస్థను ఏర్పాటు చేయడం శాసనసభ విధి అంటుంది. ఆ మాట పట్టుకుని 1984లో ఎడ్జ్‌వుడ్ తదితర డిస్ట్రిక్టులు మళ్లీ కోర్టుకెళ్లాయి. అప్పటికి రాష్ట్రంలో అత్యంత సంపన్న డిస్ట్రిక్టుకూ అత్యంత పేద డిస్ట్రిక్టుకూ ఒక్కో విద్యార్థికి వచ్చే ఆస్తి విలువలో తేడా 700 రెట్లు. 1989 అక్టోబర్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు, న్యాయమూర్తులందరూ ఒక్కటై, ఆ విధానం రాజ్యాంగవిరుద్ధమని తేల్చింది. తర్వాత శాసనసభ చేసిన రెండు చట్టాలను 1991లో ఒకటి, 1992లో ఒకటి కోర్టు తోసిపుచ్చింది. రాజ్యాంగాన్ని సవరించబోతే 1993 మేలో ఓటర్లు కాదన్నారు. ఇక బడులు మూతపడతాయన్న గడువు మీదికొచ్చాకే అదే నెలాఖరుకు కొత్త చట్టం వచ్చింది. ఒక పరిమితి దాటిన ఆస్తి విలువ ఉన్న డిస్ట్రిక్ట్ ఆ పైసొమ్మును వదులుకోవాలన్నది దాని సారం. వదులుకోవడానికి అయిదు మార్గాలు చూపినా దాదాపు అందరూ డబ్బు కట్టే దారే పట్టారు. అధికారులు దాన్ని రీకాప్చర్ అంటారు, జనం రాబిన్ హుడ్ అంటారు. 1995లో కోర్టు దాన్ని సమర్థించింది. రాబిన్ హుడ్ పేరు చెబితే మండిపడే శివారు ఓటర్లు ఈ పాతికేళ్ల వ్యాజ్యం తర్వాత కూడా అలమో హైట్స్ మంచి డిస్ట్రిక్టుగానే నిలబడిందని గమనించడం మంచిది. ఎడ్జ్‌వుడ్ మాత్రం ఒక్కసారిగా మారిపోలేదు. ఆ కారణాలకు ముందు పాలన సంగతి చూడాలి.

డిస్ట్రిక్టును నడిపేది ట్రస్టీల బోర్డు. చాలాచోట్ల ఏడుగురు ఉంటారు. పదవీకాలం మూడేళ్లు లేదా నాలుగేళ్లు, జీతం లేదు, బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. ఎన్నిక మేలోనో నవంబర్‌లోనో జరుగుతుంది. మే ఎన్నికల్లో ఓటేసేవాళ్లు చాలా తక్కువ కాబట్టి కొద్ది వందల ఓట్లతోనే గెలుపోటములు తేలిపోయే చోట్లు ఎన్నో. బోర్డు చేయాల్సిన పెద్ద పనులు నాలుగైదే: సూపరింటెండెంటును నియమించి ఏటా పనితీరు బేరీజు వేయడం, బడ్జెట్ ఆమోదించడం, పన్ను రేటు నిర్ణయించడం, బాండ్లను ఓటర్ల ముందుకు తేవడం, విధానాలు రాయడం. ఏ టీచర్‌ను ఏ తరగతిలో వేయాలి, ఏ కాంట్రాక్టర్‌కు పని ఇవ్వాలి అన్నవాటిలో ట్రస్టీ వేలు పెడితే అక్కడే చెడు మొదలవుతుంది. చిన్న డిస్ట్రిక్టుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఉద్యోగుల్లో చాలామంది ట్రస్టీలకు బంధువులో ఇరుగుపొరుగో అయి ఉంటారు.

ఎడ్జ్‌వుడ్‌కు ఆ దెబ్బా తగిలింది. బోర్డులో చీలికలు ముదిరి సాధారణ నిర్ణయాలు కూడా ముందుకు సాగకపోవడంతో 2016లో టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, టీఈఏ, ఎన్నికైన ట్రస్టీలను పక్కనపెట్టి తాను నియమించిన మేనేజర్ల బోర్డు చేతికి డిస్ట్రిక్టును అప్పగించింది. ఆ ఏజెన్సీ కమిషనర్‌ను గవర్నర్ నియమిస్తాడు. 2015లో వచ్చిన చట్టం ప్రకారం ఒక్క బడి వరుసగా అయిదేళ్లు తప్పినా కమిషనర్ ఆ బడిని మూసేయాలి, లేదా మొత్తం డిస్ట్రిక్టునే చేతిలోకి తీసుకోవాలి. 2023 జూన్‌లో హ్యూస్టన్ బోర్డు పోయింది ఈ నిబంధన కిందే. స్థానిక పెత్తనం పేరుతో 1973లో రాడ్రిగెజ్‌ను ఓడించిన రాష్ట్రమే అదే స్థానిక పెత్తనాన్ని ఎడ్జ్‌వుడ్ చేతుల్లోంచి లాక్కుంది. బోర్డు తీరు బాగోలేదన్నది నిజమే. అయినా రెండు వాదనలూ ఒకే రాష్ట్రానివన్నది మరువరానిది.

డబ్బు విషయానికొస్తే, ఇంటి పన్ను నోటీసులో స్కూల్ డిస్ట్రిక్ట్ ఎదురుగా రెండు రేట్లు కలిసి ఉంటాయి. ఒకటి నిర్వహణకు, అంటే జీతాలు, కరెంటు, బస్సులకు. రెండోది బాండ్ల అప్పు తీర్చడానికి. రెండో దానిలోంచి జీతాలివ్వకూడదు. మెరిసే కొత్త స్టేడియం ఉన్న డిస్ట్రిక్టే టీచర్లను తగ్గిస్తున్నామంటే అది అబద్ధమూ కాదు, దొంగలెక్కా కాదు. రెండు గల్లాలు వేరు.

నిర్వహణ సొమ్ము రాష్ట్ర సూత్రంతో మొదలవుతుంది. దానికి మూలం బేసిక్ అలాట్‌మెంట్. 2019 చట్టం దాన్ని ఒక్కో విద్యార్థికి 6,160 డాలర్లు చేసింది. ఆ తర్వాత కరోనా వచ్చింది, ధరలు పెరిగాయి, ఆ అంకె మాత్రం 2025 దాకా కదల్లేదు. 2025లో కదిలింది 55 డాలర్లే; అప్పుడు కొత్తగా ఇచ్చిన వందల కోట్ల డాలర్లలో పెద్ద వాటా ఉపాధ్యాయుల జీతాల పెంపు వంటి నిర్దిష్ట పద్దులకు కట్టేశారు. ఆ జీతాల పెంపులో చిన్న డిస్ట్రిక్టులకు కాస్త మొగ్గు ఉంది: అయిదేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ అనుభవం ఉన్న టీచర్‌కు పెద్ద డిస్ట్రిక్టులో 5,000 డాలర్లు, అయిదు వేలు లేదా అంతకన్నా తక్కువ మంది పిల్లలున్న చోట 8,000. బేసిక్ అలాట్‌మెంట్ మీద పేదరికానికి, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు, ప్రత్యేక అవసరాలున్నవారికి, చిన్న డిస్ట్రిక్టులకు అదనపు తూకాలు పడతాయి. ఎడ్జ్‌వుడ్ లాంటి చోట్లకు ఈ తూకాలే ప్రాణం. 1968 నాటి మూడు డాలర్ల వెలితి నుంచి ఈ తూకాల దాకా రావడం చిన్న మార్పు కాదు.

లెక్కించేది మాత్రం పేరు నమోదైన పిల్లలను కాదు, సగటున రోజూ హాజరైన వాళ్లను. ఈ పద్ధతి పట్టుకున్న కొద్ది రాష్ట్రాల్లో టెక్సాస్ ఒకటి. పిల్లలు జ్వరాలతో, బస్సు తప్పిపోయి, తమ్ముణ్ణి చూసుకోవాల్సి వచ్చి బడి మానేది పేద ఇళ్లలోనే ఎక్కువ. వాళ్లు రాకపోయినా టీచర్ జీతం ఆగదు, రాష్ట్రం సొమ్ము ఆగుతుంది.

ఇంటి అప్రైజల్ విలువ పెరిగితే డిస్ట్రిక్టుకు ఆ మేరకు డబ్బు చేరుతుందనుకోవడం తెలుగు ఇళ్లలో మామూలు. నిజానికి సూత్రం ఇవ్వాల్సిన మొత్తం ముందే తేలిపోతుంది. స్థానిక పన్ను పెరిగితే రాష్ట్రం తన వాటా తగ్గించుకుంటుంది. స్థానిక పన్ను ఆ మొత్తాన్నీ దాటితే మిగులు రీకాప్చర్‌గా పోతుంది. రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద మొత్తం అలా కట్టింది ఆస్టిన్. ఆ ఊళ్లో పేద పిల్లలు తక్కువేమీ కాదు. డిస్ట్రిక్ట్ తన కోసం అదనంగా పెంచుకోగలిగేది వంద డాలర్ల ఆస్తికి 17 సెంట్లు మాత్రమే. అందులో మొదటి ఎనిమిదింటిని బంగారు పెన్నీలంటారు; వాటి మీద రీకాప్చర్ లేదు, పేద డిస్ట్రిక్టులకు రాష్ట్రం మంచి ప్రతిఫలం హామీ ఇస్తుంది. మిగిలిన తొమ్మిది రాగి పెన్నీలు. బోర్డు తనంతట వేసుకోగల పరిధి దాటాలంటే ఓటర్లను అడగాలి. సొంత ఇంటి మినహాయింపును 2023లో 40,000 నుంచి 1,00,000 డాలర్లకు, 2025 నవంబర్‌లో 1,40,000కు పెంచినప్పుడు డిస్ట్రిక్టులు కోల్పోయిన సొమ్మును రాష్ట్రమే భర్తీ చేసే ఏర్పాటు ఉంది. పన్ను ఊరట ఇంటివాళ్లకు నిజంగానే దక్కింది, తరగతి గదికి మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు.

బాండ్ల దగ్గర పాత అన్యాయం ఇంకా కొంత మిగిలే ఉంది. ఆస్తి విలువ తక్కువ ఉన్న చోట ఒక్కో సెంటు పన్నుతో రాలేది తక్కువ, కాబట్టి భవనం కట్టడానికి రేటు ఎక్కువ కావాలి. 1997, 1999లలో పెట్టిన రాష్ట్ర సాయం ఈ లోటును కొంతే పూడుస్తుంది. 2019 నుంచి ప్రతి స్కూల్ బాండు బ్యాలెట్ మీదా ఇది ఆస్తి పన్ను పెంపు అన్న వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండి తీరాలి. పాత అప్పు తీరిపోతుండటం వల్ల రేటు పెరగని చోట కూడా ఆ వాక్యం తప్పదు. అది చూసి వెనకడుగు వేసిన ఓటరును తప్పుపట్టలేం.

ఇక ఫలితాలు. టీఈఏ ఏటా ప్రతి బడికీ డిస్ట్రిక్టుకూ ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం ఇస్తుంది. దీనికి ప్రధాన ఆధారం స్టార్ అనే రాష్ట్ర పరీక్ష. 2027–28 నుంచి దాని బదులు ఏడాదిలో మూడు చిన్న పరీక్షలు పెట్టాలని 2025లో చట్టం చేశారు. అక్షరం లెక్కలో పిల్లలు సాధించిన స్థాయి, వాళ్లు ఏడాదిలో చూపిన ఎదుగుదల అని రెండు కొలతలున్నాయి. వాటిలో ఏది మెరుగైతే దానికి నూటికి 70, వర్గాల మధ్య అంతరాలు తగ్గించినందుకు 30. హైస్కూలు స్థాయిలో పరీక్షతో పాటు గ్రాడ్యుయేషన్, కాలేజీకో ఉద్యోగానికో సైన్యానికో సిద్ధంగా ఉన్నవారి శాతం కూడా కలుస్తాయి. ఈ పద్ధతిలో లోపాలున్నా ఎదుగుదలకు చోటిచ్చినందుకు మెచ్చుకోవాలి. పేద డిస్ట్రిక్ట్ మంచి అక్షరం తెచ్చుకునే దారి అక్కడే ఉంది. అయితే ఈ అక్షరాల మీద డిస్ట్రిక్టులు కోర్టుకెళ్లడంతో 2023వి 2025 ఏప్రిల్‌కు గానీ బయటికి రాలేదు, 2024, 2025వి కలిపి ఆ ఆగస్టులో వచ్చాయి.

ఇళ్ల అమ్మకపు యాప్‌లలో కనిపించే పదికి ఇన్ని మార్కులు కూడా ప్రధానంగా ఈ రాష్ట్ర పరీక్షల నుంచే తయారవుతాయి. పరీక్ష మార్కుకూ ఇంటి ఆదాయానికీ, తల్లిదండ్రుల చదువుకూ ఉన్న ముడి విద్యా పరిశోధనలో దశాబ్దాలుగా తెలిసిందే. ఇద్దరూ ఇంజనీర్లుగా ఉన్న ఇళ్ల పిల్లలతో నిండిన బడికి తొమ్మిదో పదో వస్తుంది. అందులో బడి కష్టమెంతో, ఇంటి ట్యూషన్లదీ శనివారం కుమాన్ క్లాసులదీ ఎంతో ఆ అంకె చెప్పదు. ఆ అంకె చూసి కుటుంబాలు ఇళ్లు కొంటాయి, ధరలు పెరుగుతాయి, అంకె ఇంకా పెరుగుతుంది. ఒకప్పుడు ఆస్తి దస్తావేజుల్లోని షరతులు చేసిన పనిని ఇప్పుడు చాలావరకు ధరలే చేస్తున్నాయి.

ఎడ్జ్‌వుడ్‌లో ఇప్పుడు పిల్లలు పది వేల లోపే. ఒకప్పటి ఇరవై రెండు వేలలో సగానికి సగం కూడా లేరు. ఆ పేటల్లో చిన్న పిల్లలున్న కుటుంబాలు తగ్గాయి. చార్టర్ బడులు వచ్చాయి. 1998 నుంచి పదేళ్ల పాటు ఒక ప్రైవేటు ఫౌండేషన్ 5 కోట్ల డాలర్లు కేటాయించి, డిస్ట్రిక్ట్ వదిలి ప్రైవేటు బడికి వెళ్లాలనుకునే ఎడ్జ్‌వుడ్ పిల్లలకు ఫీజు కట్టింది. బడి నుంచి పాతిక మంది వెళ్లిపోతే పాతిక మంది తాలూకు రాష్ట్ర సొమ్ము పోతుంది. కానీ వాళ్లు ఒకే తరగతి నుంచి పోరు. ప్రతి గది నుంచి ఒకరో ఇద్దరో తగ్గుతారు. గదులూ టీచర్లూ బస్సు రూట్లూ అలాగే ఉంటాయి. చిన్న డిస్ట్రిక్టును కుంగదీసేది ఈ లెక్క. 2025 మేలో గవర్నర్ సంతకం చేసిన చట్టం వంద కోట్ల డాలర్లతో 2026–27 నుంచి రాష్ట్రమంతటా ప్రైవేటు చదువులకు ఖాతాలు తెరుస్తుంది. ఎడ్జ్‌వుడ్‌లో జరిగినదాన్ని ఎదుర్కొనే వంతు ఇప్పుడు మరెన్నో చిన్న డిస్ట్రిక్టులది. దీనికి తోడు పిల్లల పుట్టుకలు తగ్గి శివారు డిస్ట్రిక్టులు కూడా బడులు మూసే చర్చలు మొదలుపెట్టాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాలు దీనికి మినహాయింపు కావు.

ఈ లేఖ తెలుగు సంఘాలకు రాయడానికి కారణం ఉంది. సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ వేడుకలకు సంఘాలు అద్దెకు తీసుకునే ఆడిటోరియంలలో చాలా భాగం స్కూల్ డిస్ట్రిక్టులవే. ఆ వేడుకల్లో ట్రస్టీ అభ్యర్థులను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పడం ఆనవాయితీ. శాలువా తర్వాత ప్రశ్నలు ఉండవు. హాజరు లెక్క బదులు నమోదు లెక్కతో నిధులివ్వమని శాసనసభను అడుగుతారా, రాగి పెన్నీల కోసం ఓటర్ల దగ్గరికి వస్తారా, పిల్లలు తగ్గితే ఏ బడిని ఏ కొలమానంతో మూస్తారు, సూపరింటెండెంటు పనితీరును దేని మీద అంచనా వేస్తారు అన్న ప్రశ్నలకు సభ ఎదుట అరగంట చాలు.

ఓటు పౌరులకే ఉంది. హెచ్-1బీ మీదో, గ్రీన్ కార్డు వరుసలోనో ఏళ్లకేళ్లు గడుపుతున్న కుటుంబాలు స్కూల్ టాక్స్ కడతాయి గానీ బ్యాలెట్ తాకలేవు. అయితే బోర్డు సమావేశంలో ఎజెండా మీదున్న అంశంపై మాట్లాడే హక్కు 2019 నుంచి రాష్ట్ర చట్టంలో ఉంది. దానికి పౌరసత్వం అడగరు. బడ్జెట్ మీద బహిరంగ విచారణ జరపకుండా ఏ డిస్ట్రిక్టూ దాన్ని ఆమోదించడానికి వీల్లేదు. ఆర్థిక సంవత్సరం జూలైలోనో సెప్టెంబర్‌లోనో మొదలవుతుంది కాబట్టి ఆ విచారణలు వేసవిలో, చాలామంది ఇండియా ప్రయాణంలో ఉండే రోజుల్లో పడతాయి. తమ సభ్యులుండే డిస్ట్రిక్టుల విచారణ తేదీలు సంఘాల క్యాలెండర్లలో పండుగల పక్కన ఉండాలి. టీఈఏ ఏటా ప్రచురించే ప్రగతి నివేదికలో ప్రతి బడి పేద పిల్లల ఫలితాలు, టీచర్ల అనుభవం, డిస్ట్రిక్టు మొత్తంలో ఎంతమంది టీచర్లు ఉద్యోగం వదిలేశారన్న వివరాలు విడివిడిగా ఉంటాయి. దాని నుంచి నాలుగు పంక్తులు తెలుగులో తీసి సభ్యులకు పంపడం కార్యవర్గంలో ఒకరిద్దరికి ఒక సాయంత్రం పని.